అక్క కారుకు కార్బురేటర్

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజుల్లో నా బెంగ రాష్ట్రం గురించి కాదు, ఒక కార్బురేటర్ గురించి. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనులోకి పంపే ఆ చిన్న సామాను కోసం నేను తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు పీకుతాయి.

మా అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు నాదర్‌గుల్ నుంచి సైదాబాద్‌లో ఉన్న దవాఖానకు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. మామూలు రోజుల్లో ఆటో దొరికేది. బంద్ అయితే ఆటో లేదు, బస్సు లేదు. కారున్న చుట్టాలు కూడా బంద్ అనగానే తాళంచెవి ఎక్కడ పెట్టారో మరిచిపోయేవారు. ఒంట్లో చేరే నీటికి మాత్రం బంద్ లేదు. ఒక్క రోజు ఆలస్యమైతే అక్క ముఖం ఉబ్బేది, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది.

ఇక మిగిలింది, పోయిన బావ వాడిన పాత చిన్న కారు. రాయి పడినా పెద్దగా పోయేదేమీ లేదు కాబట్టి బంద్‌కు అదే సరైన బండి. స్టార్ట్ అయ్యేది, పరుగెత్తేది కూడా. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశామంటే మాత్రం దగ్గి ఆగిపోయేది. వేడి మీద ఆగితే చల్లారేదాకా ఎన్ని తిప్పలు పడ్డా స్టార్ట్ కాదు. ఒక బంద్ రోజు కర్మన్‌ఘాట్ దగ్గర అలాగే మొరాయించి, మేం దవాఖాన చేరేసరికి అక్క మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. నాకు భయం పట్టుకుంది.

ఎల్‌బీ నగర్ మెకానిక్ బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు. "కార్బురేటర్ అరిగిందన్నా. సందులకెల్లి గాలి గుంజుతున్నది. గిది పారెయ్. నా దగ్గర పెద్ద కారుది డబుల్ బ్యారెల్ కార్బురేటర్ ఉన్నది, ఎక్కిస్త. పికప్ ఎట్లుంటదో చూడు."

"పికప్ ఏం జేసుకోను? రేసుకు పోతున్ననా?"

"పికప్ ఒద్దనేటోన్ని నిన్నే చూసిన."

అది పెట్రోలు తాగేస్తుందని నాకు తెలుసు. బంద్ రోజు పెట్రోలు బంకులూ మూసే ఉంటాయి. అందుకని దిల్‌సుఖ్‌నగర్‌లో స్పేర్ పార్టుల దుకాణానికి పోయాను. గుంటూరు వైపు నుంచి వచ్చి ఎప్పుడో స్థిరపడిన ఆ దుకాణదారు షట్టరు సగం దించుకుని కూర్చున్నాడు. కొత్తది ఒకటి తీసి చూపించాడు. "చూడ్డానికి అచ్చం మీదాన్లాగే ఉంటుందండీ. లోపల పెట్రోలు చిమ్మే జెట్లు ఏ సైజువో మాత్రం ఆ దేవుడికే తెలియాలి. నా మాట విని మీ పాతదానికే అరిగినచోట బుష్‌లు వేయించుకోండి."

అమ్ముకునేవాడే వద్దంటుంటే ఏం కొనను? రేపు షాపు తీస్తారా అని అడిగాను.

"మీవాళ్లు తియ్యనిస్తే తీస్తానండీ" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఆ తరువాత ఆఫీసులో అడిగాను, కాలనీలో అడిగాను. పాత కారు పేరెత్తితే చాలు, మగవాళ్లంతా ఇంజనీర్లైపోతారు. పెద్దది పెట్టమని ఒకరు, కొత్తది పెట్టమని ఇంకొకరు, కారే అమ్మేయమని మరొకరు. విని విని విసుగొచ్చింది. చివరికి నాదర్‌గుల్ పోయి, కారెక్కే అక్కనే అడిగాను.

"ఉరికేది ఒద్దు, కొత్తది ఒద్దు. నిలబడ్డకాడ ఆగకుంటే చాలురా" అంది.

ఇంతమంది చెప్పలేనిది అదే. దుకాణదారు చెప్పినట్టే పాతదాన్నే లేత్ మిషను మీద పెట్టించి బుష్‌లు వేయించాను. మెకానిక్ సణుగుతూనే బిగించాడు, స్క్రూ అటూ ఇటూ తిప్పి ఇంజను మెల్లగా, ఆగకుండా తిరిగేలా చేశాడు. "వేడి మీద ఆగితే మాత్రం నా చేతుల లేదు. ఇంటికాడ స్టార్ట్ చేస్తే మళ్ల దవాఖానలనే బంద్ చెయ్యాలె" అన్నాడు.

తరువాతి బంద్‌కు ముందురోజే అక్క ఇంటికి చేరాను. తెల్లారి బయలుదేరాం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఉద్యమకారుల వంటావార్పు నిరసన. రోడ్డు మధ్యలో రాళ్లు పెట్టి పొయ్యిలు వేస్తున్నారు. రోడ్డెక్కిన కొద్దిపాటి బండ్లూ నిలబడిపోయాయి. నేను యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి ఇంజను చప్పుడు విన్నాను. ఇంజను ఆగలేదు. ఎవరో వచ్చి అక్క చేతికి పోయినసారి సూదులు గుచ్చినచోట ఉన్న పట్టీలు చూసి, పొయ్యిరాళ్లు జరిపించి దారి ఇచ్చారు. ఆ రోజు అక్క మంచం అక్కకే దొరికింది.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి అక్కడే అన్నం ఉడికింది. మోదుగాకుల విస్తర్లలో పప్పు, పుంటికూర వడ్డిస్తున్నారు. డప్పు మోగుతోంది. మళ్లీ ఆగాం. ఎండకు ఇంజను సెగలు కక్కుతోంది. నాకు ఇల్లు చేరితే చాలనిపించింది. నిద్ర లేదు, నడుం పోయింది.

"బండి బంద్ చెయ్" అంది అక్క.

"పిచ్చా నీకు? మళ్ల స్టార్ట్ గాదు!"

"గాకుంటే నూకుతరు. ఇంతమంది లేరా? మందిల కూసోని తిని ఎన్నొద్దులైందో నీకెర్కనా?"

ఎరుక లేదు. ఇన్నాళ్లూ అక్కను దవాఖానకు తీసుకుపోవడమే నా పని అనుకున్నాను. తాళంచెవి తిప్పాను. అంత తిరిగి సాధించిన ఇంజను టక్కున ఆగింది.

అక్క ఆడవాళ్ల పక్కన రోడ్డు మీదే కూర్చుంది. ఒక్క బుక్క పప్పన్నం తింది. మంచినీళ్లు గొంతు తడిసేంత తాగింది. మిగతాదంతా మాటలే. నల్లగొండ దిక్కు ఏ ఊరని ఒకరినొకరు అడుగుతూ చుట్టరికాలు కలుపుకున్నారు. నేను చెట్టు నీడ కూడా లేని డివైడర్ మీద కూర్చుని కునికిపాట్లు పడ్డాను.

అనుకున్నట్టే కారు స్టార్ట్ కాలేదు. చేతులు కడుక్కున్నవాళ్లూ కడుక్కోనివాళ్లూ వచ్చి వెనక నుంచి నూకారు. జై తెలంగాణ అని ఒకరంటే అందరూ అందుకున్నారు. అక్క కిటికీలోంచి తల బయటపెట్టి తనూ అరిచింది, నవ్వింది. బావ పోయాక ఆ నవ్వు నేను వినలేదు. సెకండ్ గేరులో ఉన్నాం, బండి వేగం అందుకుంది. క్లచ్ వదిలితే ఇంజను స్టార్ట్ అయ్యేదే.

అక్క ఇంకా నవ్వుతోంది. నేను క్లచ్ ఇంకాసేపు తొక్కే ఉంచాను.