కోట పడిందా?

మా బావను వీధిలో అందరూ జనరల్ అంటారు. బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కే మనిషికి ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, వాళ్ళకో దండం. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. పోగుచేసేది మాత్రం యుద్ధాల పుస్తకాలు. అవీ కొత్తవి పనికిరావు, బొమ్మలున్న పాతకాలపువే కావాలి. ఫిరంగులు, గుర్రాలు, ఈకల టోపీలు, మడత విప్పితే బల్లంతా పరుచుకునే పటాలు. ప్రతి బొమ్మ మీదా పల్చటి కాగితం ఒకటి కప్పి ఉంటుంది. బావ దాన్ని ఊపిరి బిగబట్టి ఎత్తుతాడు. మా అక్క ముఖం మీద పడిన జుట్టును కూడా ఆ మనిషి అంత మెల్లగా ఎప్పుడూ తప్పించి ఉండడు.

ఇంట్లో మంచి బీరువా యుద్ధాలది. అక్క బట్టలు మంచం కింద పెట్టెలో ఉంటాయి. వాన మొదలైతే ముందు పుస్తకాల గది కిటికీ మూయాలి, దండెం మీది బట్టలు తర్వాత. ఇక ఏ పేజీలోనైనా పురుగు కనబడిందా, ఇల్లు పీకి పందిరేస్తాడు.

"నాకు జ్వరమొస్తే మాత్ర వేసుకోమంటారు. పుస్తకానికి తుమ్మొస్తే మాత్రం ఇంటిల్లిపాదీ మేలుకోవాలి," అనేది అక్క.

అన్నిట్లోకీ బావ ప్రాణం ఒక పుస్తకం మీదే ఉండేది. ఏదో కొండకోట ముట్టడి కథ, రెండు సంపుటాలు. మొదటిది బావ దగ్గరుంది. గోడకు నిచ్చెనలు వేసి సైనికులు సగం దాకా ఎక్కిన బొమ్మతో అది ఆగిపోతుంది. రెండోది పక్కవీధి పళ్ళ డాక్టరు దగ్గరుంది. ఆయనకూ ఇదే పిచ్చి. ఇద్దరూ ఒకరి సంపుటం ఒకరు కొంటామంటారు గానీ, ఇద్దరిలో ఎవరూ అమ్మరు. ఎవరు ముందు పోతే రెండోవాళ్ళ జత పూర్తవుతుందని ఇద్దరూ కాచుకుని కూర్చున్నారు. అందుకే కాబోలు, ఒకరి ఆరోగ్యం ఒకరు అంత శ్రద్ధగా కనుక్కునేవాళ్ళు.

"ఈమధ్య కాస్త నీరసంగా కనబడుతున్నారే?" అనేవాడు డాక్టరు, గొంతులో బోలెడంత ఆశ పెట్టుకుని.

"అబ్బే, గుండ్రాయిలా ఉన్నాను. మీరే బాగా చిక్కారు," అనేవాడు బావ. "ఇంతకీ కోట పడిందా?"

"మొదటిది ఇచ్చేయండి, చెప్తాను."

ఎన్నేళ్ళు సాగిందో ఈ భాగోతం! వేరే ఎక్కడైనా వెతికి తెలుసుకోవచ్చుగా బావా అంటే, "అది మోసంరా," అనేవాడు. ఆయన పట్టుదలకు నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు దుకాణంలో అద్దం అరగదీస్తూ బావ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రిలో చేర్చాం. మర్నాడు ఆపరేషన్. గట్టెక్కుతాడని ఎవరూ గట్టిగా చెప్పలేదు. అక్క చేయి పట్టుకుని బావ నోరు తెరిచాడు. చివరిమాటేదో చెప్తాడనుకుని మేమిద్దరం దగ్గరికి వంగాం.

"నాకేమన్నా అయితే మొదటి సంపుటం ఆ డాక్టరు చేతిలో మాత్రం పెట్టకు."

అక్క చేయి విదిలించుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. సరిగ్గా అప్పుడే చంకలో సంచీతో పళ్ళ డాక్టరు దిగబడ్డాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇంకా ఉన్నాడు లెండి, తొందరపడకండి," అన్నాను.

ఆయన నావైపు చూడనైనా చూడలేదు. మంచం పక్కన స్టూలు లాక్కుని, సంచీలోంచి రెండో సంపుటం తీశాడు. జేబులోంచి ఒక సన్నటి చాకు తీసి పేజీల మధ్య దూర్చి సర్రుమని లాగాడు. ఆ కాలంలో కాగితాలు మడిచి కుట్టేవారట. పేజీల అంచులు అతుక్కునే ఉండేవి, చదివేవాళ్ళే కోసుకోవాలి. కోయకుండా మిగిలిన పుస్తకమంటే వీళ్ళకు కళ్ళకద్దుకునేంత గొప్ప.

"అయ్యో అయ్యో! ఏం పనండీ అది! ఆపండి!" అని బావ లేవబోయాడు. నర్సు పరుగెత్తుకొచ్చి పడుకోబెట్టింది.

"కోయకపోతే చదివేదెలా?" అన్నాడు డాక్టరు.

బావ దిండు మీంచి తల ఎత్తాడు. "అంటే... కోట పడిందో లేదో మీకూ తెలీదా?"

"తెలీదు."

"ఇన్నేళ్ళూ నన్ను ఊరించారు కదయ్యా!"

డాక్టరు చదవడం మొదలుపెట్టాడు. నిచ్చెనలు పొట్టివైపోయి మొదటి దండు గోడ మధ్యలోనే వేలాడిందట.

"కొలుచుకోకుండా వెళ్ళారా దద్దమ్మలు!" అని బావ మురిసిపోయాడు. ఆసుపత్రికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ముఖంలో నవ్వు చూడడం అదే మొదటిసారి. డాక్టరు కోస్తూ, చదువుతూ పోయాడు. బయటివాళ్ళు వెళ్ళాలని నర్సు వచ్చేసరికి ఆఖరి అధ్యాయం మిగిలింది.

"ఆ ఒక్కటీ కోసేయండి," అన్నాడు బావ.

డాక్టరు పుస్తకం మూసేశాడు. "రేపు. మీరు బయటికొచ్చాక."

"రాకపోతే?"

"నాకూ తెలీకుండానే ఉండిపోతుంది." ఆయన చాకు జేబులో పెట్టుకున్నాడు. సంచీ తీసుకుని గబగబా వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆపరేషన్ గది బయట బల్ల మీద పళ్ళ డాక్టరు మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఒళ్ళో పుస్తకం, పైన చాకు. ఎంతసేపటికీ ఎవరూ బయటికి రారు. అక్క గోడనే చూస్తోంది. ఉండబట్టలేక, "ఊరికే కూర్చునే బదులు అదేదో చదివేసుకోవచ్చుగా?" అన్నాను.

"మోసం కదండీ," అన్నాడు.

ఆపరేషన్ అయి బావను గదిలో మంచం మీదికి తెచ్చాక అక్కనూ నన్నూ లోపలికి పిలిచారు. చాలాసేపటికి బావ కళ్ళు తెరిచాడు. అక్క ఆయన ముఖం మీదికి వంగింది.

"కోట పడిందా?" అన్నాడు.

అక్క ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే నవ్వింది. ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని తలుపు తీసింది. అన్నేళ్ళుగా ఆవిడ నోట డాక్టరు ఎప్పుడూ 'ఆ పళ్ళాయన'.

"లోపలికి రండి అన్నయ్యా," అంది. "వచ్చి ఆ పేజీలు కోసేయండి."