ఆ చేతిలో నేను పెట్టిన పిస్తోలు

దేశ రాజధానిలో మేముండే మునిర్కా పేటలో పోలీసులు కాల్చిన ఆ ఉదయం నా చెవి పక్కనుంచి మూడు తూటాలు దూసుకుపోయాయి. కాదు, రెండు. సరే, ఈ వయసులో అబద్ధమెందుకు, ఒక్కటి కూడా నా దరిదాపులకు రాలేదు. పాల బూత్ వెనక నక్కి, చేతిసంచీ నెత్తిమీద పెట్టుకుని కూర్చున్నాను. కానీ చూశాను. ఎదురుగా ఒకతను గోడకు ఆనుకుని రెండు చేతులూ పైకెత్తాడు. కాళ్ళ దగ్గర బ్రెడ్డు ప్యాకెట్టు పడి ఉంది. చేతులు ఖాళీ. అప్పుడు కాల్చారు.

మఫ్టీలో వచ్చినవాళ్ళు నిజానికి అతని పై అంతస్తులో అద్దెకున్న ఇంకెవడి కోసమో వచ్చారట. "ముందు అతనే పిస్తోలు తీశాడు, ప్రాణం కాపాడుకోవడానికి కాల్చాం" అన్నారు. శవం పక్కన నాటు పిస్తోలు దొరికిందన్నారు.

కొన్ని నెలలకు అతని భార్య మా ఇంటికి వచ్చింది. ఏలూరు వైపు పిల్ల, ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. ఆ ఉదయం నేనక్కడ ఉన్నానని పాల బూత్ భయ్యా చెప్పాడట. ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేసింది.

"డబ్బులిస్తే ఇచ్చారు, లేపోతే లేదు అంకుల్. మా ఆయన చేతిలో ఏం లేదని కోర్టు రాయాలి. బళ్ళో నా కూతుర్ని గూండా కూతురంటన్నారు. మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలు."

"చెప్తానమ్మా" అన్నాను. లోపలినుంచి మా ఆవిడ నా వంక ఒక చూపు చూసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వల్ల ఎప్పుడైంది గనక?

మా తెలుగు చర్చి సంఘంలో ఆదివారం పాటలయ్యాక ఎవరో ఒకరు లేచి, ఆ వారం దేవుడు తమనెలా కాపాడాడో చెబుతారు. ఆపద ఎంత పెద్దదైతే స్తోత్రం అంత గట్టిగా వస్తుంది. నాకా చప్పుడంటే ప్రాణం. జలుబు చేస్తే న్యుమోనియా అంటాను, మెట్రోలో తోసుకుంటే తొక్కిసలాట అంటాను. కాల్పుల తర్వాత వచ్చిన ఆదివారం కూడా లేచాను. చనిపోయినతను ఎవరో అప్పటికి నాకు తెలియదు. "అతని కుడిచేతిలో తళుక్కుమంది! పిస్తోలు! దాని మూతి నా వైపే తిరిగింది, ప్రభువు అడ్డుపడ్డాడు!" అన్నాను. హాలు దద్దరిల్లింది. వీడియో ఎప్పటిలాగే సంఘం వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది.

ఆ సంగతి ఆ పిల్లకు చెప్పలేదు. ఆదివారం మాటలు ఆదివారంతోనే పోతాయనుకున్నాను.

కోర్టులో అతని చేతులు ఖాళీ అని నేను చెప్పాక, ప్రభుత్వ వకీలు ఆ వీడియో పెట్టి ఫోను ఎత్తి పట్టుకున్నాడు. నా గొంతు నాకే వినిపించింది. దుబాసీ దాన్ని హిందీలో చెప్పాడు.

"ఇది మీరే కదా, అంకుల్ జీ?"

"నేనే."

"ఆ పిస్తోలు?"

"లేదండీ. కల్పించాను."

"చర్చిలో నిలబడి కల్పించారా?"

"అక్కడ అందరూ కాస్త కలుపుతారండీ."

"అచ్ఛా. మరి ఇక్కడ ఎంత కలిపారు?"

వెనక బెంచీల్లో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు, రాసుకున్నారు.

వరండాలో ఆ పిల్ల నా ముందుకొచ్చి నిలబడింది. అంతవరకూ అడగని మాట అడిగింది.

"అంకుల్, నిజంగానే ఖాళీయా?"

"ఖాళీయే తల్లీ. ఒట్టు."

"ఠీక్ హై" అని వెళ్ళిపోయింది. నమ్మలేదు. నమ్మలేదన్నది కూడా నేను కలిపింది కావచ్చు. కానీ ఆమె మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూసింది నా ముఖం వైపు కాదు, నా చేతుల వైపు.

ఆత్మరక్షణ కాదని చెప్పడానికి నమ్మదగిన సాక్షి లేడని దావా కొట్టేశారు. ఆ పిల్ల పై కోర్టుకు వెళ్ళింది. అక్కడికి నన్ను పిలవలేదు.

ఆదివారాలు ఇప్పుడు నేను లేవను. "ఈ వారం ఏం ఆపద రాలేదా?" అంటుంది మా ఆవిడ. పాలకు మాత్రం రోజూ ఆ బూత్‌కే వెళతాను. ఎదురుగా గోడ. అతను నాకింకా దానికి ఆనుకునే కనిపిస్తాడు. బ్రెడ్డు ప్యాకెట్టు దాని చోటులోనే ఉంటుంది, చేతులు పైకే ఉంటాయి. నేను కళ్ళు నులుముకుని మళ్ళీ చూస్తాను. కుడిచేతిలో తళుక్కుమంటూనే ఉంటుంది.