కత్తిపీట సాక్ష్యం

హౌరాలో ఒక రేకుల ఫ్యాక్టరీ. అక్కడ ఇరవై రెండేళ్ళు ప్రెస్ మిషన్ నడిపిన పెద్దిరాజు కుడిచేతి వేళ్ళు రెండు, ఆస్పత్రి కాగితాల ప్రకారం, వాట్‌గంజ్‌లోని సొంత ఇంట్లో కూర తరుగుతుండగా కత్తిపీట మీద తెగిపోయాయి. పెద్దిరాజు వంటగది గడప తొక్కేది మంచినీళ్ళకి. అదీ పెళ్ళాం పైడమ్మ ఊళ్ళో లేనప్పుడు.

వేళ్ళని తిన్నది ప్రెస్సే. ఆ రోజు సూపర్‌వైజర్ ఘోషాల్‌బాబు అతని చేతికి తువ్వాలు చుడుతూనే ఉపాయం చెప్పాడు. “ఇక్కడ తెగిందంటే కంపెనీ మీద కేసు పడుతుంది, దాదా. నీ కూతురి ఆఫీసు ఇన్సూరెన్సులో నువ్వున్నావుగా, ఖర్చంతా అదే చూసుకుంటుంది. ఇంట్లో తెగిందని చెప్పు. నీ ఉద్యోగానికి నాది పూచీ.”

సాల్ట్ లేక్‌లో పనిచేసే కూతురు ధాత్రి ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చేసరికి ఈయన ఆ మాట చెప్పేశాడు, వాళ్ళు రాసేసుకున్నారు. తండ్రి మాట కాదనలేక ఆ పిల్లా నోరు మూసుకుంది.

రెండు నెలలకి కట్టు విప్పారు. ఘోషాల్‌బాబు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, “దీనితో ప్రెస్ పని ఎలా, దాదా?” అని దండం పెట్టేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే మరి!

ఇక దిక్కు ఈఎస్ఐ ఒక్కటే. పనిలో వేళ్ళు పోతే బతికినంతకాలం నెలనెలా ఇంత అని ఇస్తారు. పనిలో పోతేనే. ధాత్రి తన ఇన్సూరెన్సు వాళ్ళకి ఉన్నదున్నట్టు రాసి, వాళ్ళిచ్చింది తిరిగి కడతానని ఒప్పుకుని, ఈఎస్ఐలో అర్జీ పెట్టింది. అర్జీ ఫ్యాక్టరీ అంటుంది, ఆస్పత్రి కాగితం ఇల్లు అంటుంది. ఏది నిజమో తేల్చడానికి ఒక ఇన్‌స్పెక్టరు ఇంటికే వచ్చాడు.

ఆయన టీ ముట్టలేదు. “కత్తిపీట తెండి. ఎలా తరిగావో చూపించు” అన్నాడు బెంగాలీలో.

పెద్దిరాజు కూర్చున్నాడు. కత్తి వీపు తన వైపు, పదును గోడ వైపు. బంగాళాదుంపని ఆ వీపుకేసి నొక్కితే అది కాస్తా జారి మంచం కిందికి పోయింది. కూతురి ఎదట సిగ్గుతో చచ్చిపోయాడు పాపం.

“నటించడం లేదు కదా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పైడమ్మకి ఒళ్ళు మండింది. బెంగాలీ, తెలుగు కలిపి దులిపేసింది. “నటనేటి బాబూ! ముప్పయ్యేళ్ళ కాపరం. ఈ మనిషి ఒక్కనాడు ఒక్క దుంప కోసుంటే నాను ఊరంతా సెప్పుకోనా? ఈ వీధిలో ఎవుల్నైనా అడగండి!”

ఇన్‌స్పెక్టరు ఎవర్నీ అడగలేదు. ఆయనా పెళ్ళయినవాడే. రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన గుమ్మం దాటగానే పెద్దిరాజుకి పౌరుషం వచ్చింది. కత్తిపీట సరిగ్గా తిప్పుకుని, మిగిలిన వేళ్ళతో దుంప పట్టుకున్నాడు. పైడమ్మ లాక్కుంది.

“ఉత్తరువు సేతికొచ్చీదాకా దాన్ని ముట్టుకోకు మావా. ఎవులైనా సూత్తే?”

నాలుగు నెలలకి ఉత్తరువు వచ్చింది. ధాత్రి చదివి వినిపించింది. ప్రమాదం జరిగిన చోటు, ఫ్యాక్టరీ. ఆ ముక్క మళ్ళీ చదవమన్నాడు పెద్దిరాజు. మళ్ళీ విని కళ్ళు తుడుచుకున్నాడు.

పైడమ్మ లేచింది. కత్తిపీట తెచ్చి, పదును అతని వైపు తిప్పి వేసి, పక్కన నాలుగు దుంపలు పెట్టి వెళ్ళింది.