లెక్చరర్ గారి గుమ్మం మీద అద్దం

మాచర్ల నాపరాళ్ల గనిలో రాళ్లు కోసి బతికినవాణ్ణి. బడి ఐదో తరగతితో సరి. పతన కోణం ఎంతో పరావర్తన కోణం అంతేనన్న ముక్కను పాత పుస్తకాల కొట్లో కొన్న గైడు చూసి, గోడకు అద్దం ఆనించి, దారాలు కట్టి నేర్చుకున్నాను. అదే ముక్క ఇరవై ఏళ్లుగా కాలేజీలో చెప్పి జీతం తీసుకుంటున్న మహానుభావుడు మా వీధికి ఎదురుగా, వీధి సరాసరి వెళ్లి గుమ్మానికి తగిలేచోట ఇల్లు కట్టాడు. అది వీధిపోటని ఎవడో సిద్ధాంతి చెప్పాడు. ఇంకేముంది, గుమ్మం పైన చేటంత అద్దం బిగించాడు. పోటు వచ్చిన దారినే పోవాలట.

పోటు సంగతి నాకు తెలియదు. పొద్దుటి ఎండ మాత్రం ఆ అద్దానికి తగిలి, ఏటవాలుగా తిరిగి, మలుపులో జాకెట్లు కుట్టే చెల్లెమ్మ కిటికీలో పడేది. ఆమెకు శుక్లం ఆపరేషనై నెల కాలేదు. సూది కనపడక రెండుసార్లు వేలు కుట్టుకుంది.

"మిషన్ జరుపుకుందామంటే ఇంకో గదేది అన్నా? కుట్టకపోతే తినేదేంది?" అంది.

దారం పట్టుకెళ్లి, ఎండ వచ్చే వాలూ పోయే వాలూ లెక్చరర్‌కి కొలిచి చూపించాను.

"అది సిలబస్ బాబాయ్. ఇది వాస్తు," అన్నాడు. సిగ్గన్నా లేదు.

నాకు ఒళ్లు మండింది. "సరేరా, నీ వాస్తే చూద్దాం. పోటు రోడ్డు మీంచి గుమ్మంపైకి ఎక్కి వస్తది. అద్దం నిటారుగా పెట్టావు. ఎంత వాలుగా వస్తే అంత వాలుగా పైకే పోద్ది. ఆకాశం మీద ఉమ్మితే ఎవడి మొహాన పడుద్ది?"

అతని మొహం పాలిపోయింది. సాయంత్రానికల్లా అద్దం వెనక పైఅంచున చెక్కముక్క దూర్చి కిందికి వంచాడు. మర్నాటి ఎండ అతని మెట్ల మీదే పడింది. నేను కొలిచి చూపించిన నిజానికి కదలని అద్దం, నేనల్లిన బూటకానికి వంగింది. ఇదీ మన చదువు!

చెల్లెమ్మ ఒక్క ప్రయత్నంలో సూదిలో దారం ఎక్కించి, నావైపు చూసి నవ్వింది.

"చానా మేలు చేశావన్నా. లెక్చరర్ గారు చెప్పారు, వాస్తు నీకు బాగా తెలుసంటగా. మా గుమ్మానిక్కూడా ఓ అద్దం పెట్టిద్దామనుకుంటున్నా. ఎంత వాలు పెట్టమంటావు?"

నేను నా కొలత దారం ఉండ చుట్టి జేబులో పెట్టుకున్నాను.