సాక్ష్యం కోసం దాచుకున్న తలనొప్పి

ఆ రోజు జాకెట్టుకు కాజాలు కుడుతున్నాను. సూదిలో దారం ఎక్కలేదు. ఒక సూది రెండుగా కనబడింది, మెడ వెనక నుంచి తల పగిలిపోయేటంత నొప్పి లేచింది. వారం ముందే నా కుట్టుమిషన్ వెనక గోడకు, నన్ను ఒక్క మాట అడక్కుండా, కరెంటోళ్లు స్మార్ట్ మీటర్ బిగించి పోయారు. ఇంకేముంది, నొప్పి దానిదే అనుకున్నాను.

మాది జమ్మలమడుగు పక్క మైలవరం దగ్గర పల్లె. మా అన్న అక్కడ మా పార్టీకి పెద్ద. మీటర్లు తెచ్చింది ఎదుటి పార్టీ ప్రభుత్వం. ఆయనకు నా తలనొప్పి పండగైంది.

జమ్మలమడుగులో డాక్టరమ్మ బీపీ చూసింది. "రెండు వందలు దాటింది. ఇది మీటర్ పని కాదమ్మా, హైపర్‌టెన్షన్. ఈ టాబ్లెట్ రోజూ వేసుకోవాలి, ఒక్కరోజు కూడా ఆపొద్దు" అంది.

ఇంటికి రాగానే అన్న ఆ మందుల చీటీ లాక్కున్నాడు. "మాత్ర మింగితే నొప్పి పోతాది. నొప్పి పోతే సాక్ష్యం యాడుంటాది అమ్మీ? మీటర్ల మీద ధర్నా అయ్యేదాకా ఓర్చుకో."

ఓర్చుకున్నాను. బయటివాళ్లకు ఇది పిచ్చిగా ఉంటుంది. మా ఊళ్లో ఫ్యాక్షన్ రోజుల్లో దెబ్బలు తిన్నవాళ్లు, ఆసుపత్రిలో గాయాలు చూసి రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా గాయం కడగనిచ్చేవాళ్లు కాదు. కడిగితే కేసు పలచనవుతుందని భయం. మా నాయన అలా నెత్తురోడుతూ కూర్చోవడం చిన్నప్పుడు చూశాను. నేనూ తలనొప్పిని అలాగే దాచిపెట్టాను. నాలాంటి మూర్ఖురాలు ఇంకొకతె ఉండదు.

కరెంటాఫీసు ముందు షామియానా వేసి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. అన్న మైకులో నా గురించి చెబుతుండగానే నా కుడిచెయ్యి ఒళ్లోకి జారిపోయింది, మూతి వంకర పోయింది. "చూడండప్పా, మీటరు ఏం చేసిందో!" అని అన్న అరిచాడు. జనం నినాదాలు ఎత్తుకున్నారు, నన్ను ఎత్తినవాడు లేడు. చివరికి మేము పొద్దున్నుంచి తిడుతున్న లైన్‌మనే గేటు దాటి వచ్చాడు. "ముందు ఆయమ్మను లేపండప్పా, మనిషి పోతాంది!" అంటూ ఆటో పిలిచాడు.

ప్రొద్దుటూరులో సీటీ స్కాన్ తీశారు. బ్రెయిన్‌లో క్లాట్, స్ట్రోక్ అన్నారు. "టాబ్లెట్ ఎందుకు వేసుకోలేదమ్మా?" అని డాక్టరు అడిగితే నేను అన్న వైపు చూశాను. డిశ్చార్జ్ సమ్మరీలో మీటర్ పేరు రాయమని అన్న పట్టుబట్టాడు. డాక్టరు కుదరదన్నాడు. "ఈయప్ప ఎదుటి పార్టీ మనిషే" అన్నాడు అన్న. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది.

నెలల తరబడి ఫిజియోథెరపీ చేశాను. మధ్యలో బాత్రూములో జారిపడి మళ్లీ మొదటికొచ్చాను. ఇప్పుడు నడుస్తున్నాను. కత్తెర మాత్రం పట్టలేను, మిషన్ అమ్మేశాను. చెప్పకుండా గోడకు కొట్టిన ఆ మీటరు మీద నా కోపం చావలేదు, రేపైనా పోట్లాడతాను. ఎన్నికల్లో మా పార్టీ గెలిచింది, మీటర్ల మాటెత్తితే అన్న ఇప్పుడు ఫోన్ చూసుకుంటాడు.

మొన్న వదిన వచ్చి నా బీపీ మాత్రల అట్ట తిప్పి చూసింది. "మీ అన్నవి గూడా ఇవే కదమ్మీ. శానా ఏండ్లుగా మింగుతాండాడు. ధర్నా పొద్దు గూడా ఏసుకోనే పోయినాడు" అంది.

నా సలహా ఒక్కటే. ధర్నాలు చెయ్యండి, మాత్ర వేసుకుని చెయ్యండి. ఎవరైనా మాత్ర ఆపమంటే, ముందు వాళ్లింట్లో ఏ మాత్రలున్నాయో చూసి రండి.