టార్పీల గోతిలో రెండో చోటు

డీలియా టార్పీ పాడుబడ్డ మఠం తాళంచెవికి ముప్పై ఎనిమిదేళ్లు కాపలా కాసింది. ఆ తాళంచెవి టార్పీల ఇంట్లోనే ఉండాలన్నది తాతలనాటి ఏర్పాటు. చూడటానికి ఎవరు ఎప్పుడొచ్చి తలుపు తట్టినా ఇంట్లో ఒకరుండాలి. ఆ ఒకరు కోడలు కాక ఇంకెవరు? మొగుడు ఫెస్టస్ గొర్రెలతో సంతలకు పోయేవాడు. అత్త ఆనర్ పొయ్యి పక్కన కుర్చీలోంచి లేచేది కాదు గానీ, నోరు మాత్రం ఇల్లంతా తిరిగేది.

"అంత టీపొడా? మీ దీవిలో టీతో స్నానాలు చేస్తారేంటే?" అనేది.

డీలియాది ఇనిష్‌డారా దీవి. పడవలో గంట ప్రయాణం. పెళ్లయ్యాక అక్కడికి నాలుగుసార్లు వెళ్లింది, నాలుగూ చావులకే.

వచ్చినవాళ్లకు అన్నీ అప్పజెప్పేది: సన్యాసులు ఆ మఠం కట్టి ఆరొందల ఏళ్లయిందనీ, ఇంగ్లీషు సైన్యం కప్పు తగలబెట్టినా గోడలు నిలిచాయనీ, సన్యాసులు పోయాక ఊరివాళ్లు తమ చనిపోయినవాళ్లను లోపలే పూడ్చుకున్నారనీ. తూర్పు కిటికీలో రాతిని లేసులా ఎలా చెక్కారో చూపించి, చివర నడిమి గోపురం ఎక్కించేది. ఒక్క మనిషి పట్టేంత ఇరుకు మెట్లు, సుడి తిరుగుతూ పోతాయి. మోకాళ్లు అరిగినా ఎందుకెక్కేదంటే, పైనుంచి దీవి కనిపిస్తుంది.

టార్పీల సమాధి బలిపీఠం పక్కనే. ఆనర్‌ను అక్కడ పూడ్చినరోజే ప్రభుత్వం మనిషి తేల్చి చెప్పాడు: నాలుగడుగుల కింద బండ ఉంది, ఇక ఆమె పక్కన ఒక్క శవపెట్టెకే చోటు. ఎవరు ముందుపోతే వాళ్లదేనని ఫెస్టస్ నవ్వేవాడు. డీలియా నవ్వేది కాదు. ఫెస్టస్ ముందుపోతే తనను దీవిలో, అమ్మానాన్నల పక్కన, ఇసుకలో పూడుస్తారు. తను ముందుపోతే అత్త పక్కనే, శాశ్వతంగా. ఈ సంగతి ఆమె మా ఆవిడ బ్రిజీతో చెప్పుకుని ఏడ్చిందట. బ్రిజీ నాతో చెప్పింది, కానీ అంతా అయిపోయాక.

ఫెస్టస్ మార్చిలో గుండె ఆగి పోయాడు. మా వైపు చావింటివాళ్లు గొయ్యి తవ్వరు, ఇరుగుపొరుగు తవ్వాలి. నేనూ మా తమ్ముడూ దిగాం. నాలుగడుగుల దగ్గర ఖంగుమంది. తమ్ముడు పార పక్కన పెట్టేశాడు.

"ఆగరా," అన్నాను. "పాపం, మొగుడూ పెళ్లాల్ని విడదీస్తామా?"

గడ్డపార దూర్చి ఎగదన్నితే అది కదిలింది. బండ కాదు, సన్యాసులనాటి పలక. ఒకదానిమీద ఒకటి రెండు పెట్టెలు పట్టేలా సాయంత్రం దాకా ఇంకో మూడడుగులు తవ్వి, చేతులు బొబ్బలెక్కినా పాటలు పాడుకుంటూ ఇంటికెళ్లాను. పోతూ పోతూ ఫాదర్‌కి చెప్పాను.

మర్నాడు సమాధి దగ్గర ఫాదర్ నావైపు చూపిస్తూ అందరి ముందూ ప్రకటించాడు. "డీలియా, దిగులు పెట్టుకోకమ్మా. కోల్మన్ నీకూ చోటు చేశాడు."

జనం ఒక్కొక్కరే వచ్చి ఆమె చెయ్యి నొక్కారు. అదృష్టవంతురాలివన్నారు. ఆమె నా దగ్గరికొచ్చింది. మొహం సున్నం కొట్టినట్టుంది. దుఃఖమనుకున్నాను.

"కింద బండ ఉందన్నారుగా, కోల్మన్?"

"బండేంటి, పలక! లేపి పారేశాను."

"దాని కింద? ఏదైనా రాయి తగిలిందా? ఒక్కటైనా?"

ఒక్క అబద్ధం చాలు. తగిలిందంటే ఆమె బతికిపోయేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది. కానీ నాకు నా పని మీద గర్వం.

"ఒక్కటంటే ఒక్కటి లేదు," అన్నాను. "అంతా మెత్తటి మన్నే, డీలియా. వెన్నలాంటి మన్ను."