నాన్న బండి మీద వచ్చే పండగ

మా ఇంట్లో దీపావళి అమావాస్య నాడు వచ్చేది కాదు. నాన్న డ్యూటీ దిగిన రోజు వచ్చేది. ఒక ఏడు ముందు రోజే వచ్చేసేది, ఇంకో ఏడు ఊరంతా టపాకాయల చెత్త ఊడ్చుకున్నాక తీరిగ్గా వచ్చేది. పంచాంగం చూసి పండగ చేసుకోవాలంటే అందుకు తగ్గ ఉద్యోగం ఉండాలి. మా నాన్న గూడ్సు బండి ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మేన్. ఇంజన్ షెడ్డు నుంచి డ్యూటీకి పిలిచే కాల్‌మేన్ వచ్చి తలుపు తట్టాడంటే నోటి దగ్గర ముద్ద కంచంలో పడేసి లేవాల్సిందే.

మాది శ్రీకాకుళం వైపు. తాత కాలంలోనే బిలాస్‌పూర్ వచ్చి రైల్వేలో పడ్డారు. తార్‌బహార్ పేట దాటాక మా క్వార్టర్ల వరస. ఆ వరసలో చాలామంది మన వైపు వాళ్లే, అందులో సగం మంది బండి మీద పోయేవాళ్లే. కాబట్టి ఈ పండగ వాయిదా వేయడం మా ఒక్క ఇంటి రోగం కాదు. ఇవాళ ఈ ఇంట్లో దీపావళి, ఎల్లుండి ఆ ఇంట్లో దీపావళి. పిల్లలం అన్ని ఇళ్లకీ ఎగబడి తినేవాళ్లం. మా పక్కింటి మావయ్య షెడ్డులో ఫిట్టరు, ఆయన ఊరు విడిచి పోయే పని లేదు, అందుకని వాళ్ల పండగ మాత్రం పండగ నాడే అయిపోయేది. అత్త దానికి కొంచెం మిడిసిపడేది కూడా.

వాళ్లింట్లో బూరెలు వేగుతుంటే ఆ వాసనకి పిల్లలు ఊరుకుంటారా? ఏడుపులు మొదలయ్యేవి. అందుకని అమ్మ ఒక మాట పుట్టించింది. "అది ఆళ్ల పండగమ్మా. మన పండగ నాన్న బండి మీద వస్తాది. రాయగఢ్‌లో ఎక్కీసుంటాది ఈపాటికి." నాన్న దానికి తాళింపు పెట్టాడు. డ్యూటీ దిగి వస్తూ వీధి మొగలోనే కేకేసేవాడు: "ఒరే, రండర్రా, పండగని దింపుకోండి! మోయలేక సస్తన్నాను!" మేం పరిగెత్తేవాళ్లం. ఆయన లైను పెట్టె, అంటే బండి మీదకి తిండీ బట్టలూ పట్టుకెళ్లే రేకు పెట్టె, మా తమ్ముడి నెత్తిన ఉత్తుత్తినే ఆనించి కింద చెయ్యి పెట్టి తనే మోసేవాడు. వాడు పండగనంతా తనే మోసుకొస్తున్నట్టు మూలుగుతూ నడిచేవాడు.

అమ్మ అంతకు ముందే పప్పు రుబ్బి, బెల్లం పూర్ణం ఉండలు కట్టి, తడిగుడ్డ కప్పి ఉంచేది. పొయ్యి మీదకి మూకుడు మాత్రం నాన్న గుమ్మం తొక్కాకే ఎక్కేది. ఆయన పెరట్లో రాతి మీద కూర్చుని బొగ్గు మసి వదిలేదాకా స్నానం చేసేవాడు. ఎంత తోమినా చెవుల వెనక మసి ఉండనే ఉండేది. ఆ స్నానం నీళ్ల చప్పుడూ, మూకుట్లో బూరె పడిన చప్పుడూ ఒక్కసారే వినబడేవి. సాయంత్రం గోగు కాడలకి నూనె గుడ్డలు చుట్టి వెలిగించి వాకిట్లో కొట్టేవాళ్లం. ఆ కాడలు తెచ్చే కూరగాయల ముసల్దానికి మా సంగతి తెలుసు. "లే నోనీ, అమారీ", అంటే ఇంద పిల్లా గోగు, అని ఆ కట్ట నా చేతిలో పెట్టి, ఆకు తిని కాడ కాల్చే జాతి మీరొక్కరే అని నవ్వేది.

మాలో ఈ మాట అందరికంటే గట్టిగా నమ్మింది తమ్ముడు. నాకు పదేళ్లు, వాడికి ఇంకా అయిదు నిండలేదు, చెల్లి చంకలో పిల్ల. నేను నమ్మినట్టు నటించేదాన్ని. వాడు మాత్రం వరసలో పిల్లలతో కొట్లాటలకి దిగేవాడు. "మీది ఒట్టి పండగ, మాది ఇంజన్ పండగ" అనేవాడు. మొండి వెధవ. ఒకసారి పట్టుపట్టాడంటే బ్రహ్మదేవుడు దిగి రావలసిందే.

యుద్ధం రోజులు వచ్చాయి. గూడ్సు బండ్లకి లెక్కా పత్రం లేకుండా పోయింది. వెళ్లిన మనిషి ఎప్పుడొస్తాడో షెడ్డులో బాబులకే తెలియదు. ఆ ఏడు దసరా వెళ్లగానే తమ్ముడికి జ్వరం తగిలింది. రైల్వే ఆసుపత్రి డాక్టరు బార్లీ నీళ్లు తప్ప ఏమీ పెట్టొద్దన్నాడు. వాడు మంచం మీద పడి బూరెలు, బూరెలు అని ఒకటే గోల. గొంతు నీరసించినా ఆ గోల మాత్రం తగ్గలేదు.

అమావాస్య ముందు రోజు వాడి ఒళ్లు కాస్త చల్లబడింది. అదే రోజు కాల్‌మేన్ వచ్చాడు. నాన్న గుమ్మంలో నిలబడి తటపటాయించాడు. "సిక్‌లో పెట్టీనా?" అని అమ్మని అడిగాడు. అంటే ఒంట్లో బాగాలేదని చెప్పి ఆగిపోనా అని. అమ్మ వాడి నుదురు మీద చెయ్యి వేసి చూసి, "జొరం దిగినాది కదా, ఎల్లిరండి" అంది. ఆవిడ తప్పేం లేదు. నేనూ చెయ్యి వేసి చూశాను, నిజంగానే దిగింది. నాన్న మంచం పట్టె మీద కూర్చుని వాడితో, "పండగని ఎక్కించుకుని వచ్చీస్తాను, మనిద్దరం ఒక్క కంచంలో తిందాం" అన్నాడు. వాడు సరేనని బుద్ధిగా తలూపాడు.

తెల్లారేసరికి జ్వరం మళ్లీ అందుకుంది. ఈసారి ఒళ్లు కాలిపోయింది. డాక్టరు వచ్చి చూశాడు, కళ్ల రెప్పలు ఎత్తి చూశాడు, మందేమీ రాయలేదు. "బచ్చా జో మాంగే, ఖిలా దో" అన్నాడు. అడిగింది పెట్టేయమన్నాడు. అమ్మ "అచ్ఛా" అంది, అంతే. నాకు చచ్చేంత సంతోషం వేసింది. పథ్యం వదిలింది, గండం గడిచింది అనుకున్నాను. అమ్మ మొహం చూశాక ఆ సంతోషం చల్లారిపోయింది.

అమ్మ స్నానం చేయలేదు. దేవుడి దగ్గర దీపం పెట్టలేదు. అన్నాళ్లూ నాన్న కోసం ఆగిన మూకుడు అలాగే పొయ్యి మీదకి ఎక్కించింది. పిండిలో సరిగా ముంచకుండానే వేసేసరికి పూర్ణం చిట్లి నూనె పొయ్యిలో పడింది, మంట లేచింది. పక్కింటి అత్త పరిగెత్తుకొచ్చి అమ్మని లేపి తను కూర్చుంది. మావయ్య స్టేషనుకి పోయి, కాళ్లూ వేళ్లూ పట్టుకుని తీగ మీద కబురు పంపించాడు. నాన్న బండి పెండ్రా రోడ్డు స్టేషను అవతల ఏదో సైడింగులో పడి ఉందట. మిలిటరీ బండ్లు పోయేదాకా కదలదట. ఇంజను వదిలి రావడానికి లేదట.

అమ్మ బూరె తుంచి, ఊదుకుంటూ, వాడి నోటి దగ్గర పెట్టింది. వాడు కళ్లు తెరిచి చూశాడు. "నానొచ్చీసేడా?" అన్నాడు.

"వస్తాడు నాయనా. నువ్వు తినీ."

"నాన రాకుండా పండగెలాగవుద్దే?" అని మూతి బిగించేశాడు.

ఎన్ని విధాల బతిమాలామో! అత్త బతిమాలింది, నేను కోప్పడ్డాను. ఇన్నాళ్లూ దీనికోసమే కదరా ఏడ్చావు అన్నాను. వాడు తల అటు తిప్పేసుకున్నాడు. చివరికి అమ్మ అంది: "వచ్చీసేడురా. పెరట్లో తానం సేస్తన్నాడు." వాడు చెవి ఒగ్గి విన్నాడు. అంత జ్వరంలోనూ ఆ తెలివి పోలేదు. "నీళ్ల సప్పుడేదే?" అన్నాడు.

నాకు ఎవరూ చెప్పలేదు. నేను పెరట్లోకి పరిగెత్తి చెంబు తీసుకుని రాతి మీద నీళ్లు పోయడం మొదలుపెట్టాను. దబదబా పోశాను. నాన్న దగ్గినట్టు దగ్గాను కూడా. లోపల వాడు "ఇంకెంతసేపు సేస్తాడే తానం?" అని అడగడం వినబడింది. "అయిపోవొస్తన్నాది. ఈలోగా ఒక్క ముక్క తినీరా" అని అమ్మ. "ఇద్దరం ఒక్క కంచంలో తింటాం. రానీ" అని వాడు. గోలెం ఖాళీ అయిపోతే కుళాయి దగ్గరికి పోయి బిందెతో తెచ్చి మళ్లీ పోశాను. చప్పుడు ఆగితే వాడు మోసం కనిపెట్టేస్తాడని నా భయం. పోస్తూనే ఉన్నాను. వరసలో దీపాలు పెడుతున్న వేళ అత్త వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "సాల్లే గుంటా, ఇంక సాలు" అని చెంబు లాక్కుంది. లోపల్నించి అమ్మ ఏడుపు అప్పుడు వినబడింది.

మర్నాడు పొద్దున్న నాన్న వచ్చాడు. షెడ్డులోనే ఎవరో చెప్పినట్టున్నారు, వీధి మొగలో కేక వినబడలేదు. లైను పెట్టె గుమ్మంలో పెట్టి, మసి మొహంతో అలాగే నేల మీద చతికిలబడ్డాడు. వాడు తినకుండా పోయిన సంగతి నాన్నకి చెప్పొద్దని అత్త అందరి దగ్గరా ఒట్టు వేయించుకుంది. ఎవరూ చెప్పలేదు. అమ్మే చెప్పింది, ఒక్క మాట దాచకుండా. ఎందుకు చెప్పిందని ఇప్పటికీ నాకు అమ్మ మీద కోపమే. అంత బరువు ఒక్కతే మోయలేక చెప్పిందని ఈ వయసులో తెలుస్తోంది, తెలిసినా కోపం పోలేదు. నాన్న అంతా విన్నాడు. "నేనే కదే ఆడికది నేర్పేను" అన్నాడు.

ఓదార్పులకి వచ్చినవాళ్లు ఆ పిల్లాడిది పుణ్య మరణం, అమావాస్య నాడు దీపాల వేళ పోయాడు అన్నారు. వాళ్ల నోళ్లు పడ! అయిదేళ్ల పిల్లాడికి పుణ్యం దేనికి?

ఏడాదంతా మా ఇంట్లో పండగ లేదు, మూకుడు ఎక్కలేదు. పండగలకి పక్కవాళ్లు పంపిందే తిన్నాం. ఆ పై దీపావళికి నాన్నకి మళ్లీ డ్యూటీ పడింది. వెళ్లేముందు గుమ్మంలో ఆగి, అమ్మ వైపు చూడకుండా, "నా కోసం ఆపొద్దు" అన్నాడు.

అమ్మ ఆపలేదు. అమావాస్య నాడు పొద్దున్నే వండింది. నైవేద్యం పెట్టకముందే, మేం మొహాలు కడుక్కోకముందే, మూకుట్లోంచి తీసింది తీసినట్టు మా చేతుల్లో పెట్టింది. అప్పటికి మాటలు వచ్చిన చెల్లి, "నానేడే?" అంది. "నాన్న డ్యూటీకెల్లేడు. పండగ ఈ రోజే. తినీ" అంది అమ్మ. చెల్లికి చెయ్యి కాలింది, ఏడ్చింది, ఏడుస్తూనే తింది.

అప్పటినుంచి నాన్న ఉద్యోగం ఉన్నంత కాలం అంతే. పండగ వెళ్లిపోయాక ఎప్పుడో దిగేవాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ అమ్మని అడిగేవాడు.

"పండగైపోనాదా?"

"అయిపోనాది."

"పిల్లలు తినీసేరా?"

"తినీసేరు."

అప్పుడు గాని ఆయన లోపలికి వచ్చేవాడు కాదు.